వెలిసింది

కొత్తవాడల కరెంటు పోయి మళ్లొచ్చిన రాత్రి
సారంగపాణి మేస్త్రి డాబా మీద
మూడు సీసాలు నిలబెట్టింది ఇనేస్.
జంపఖానాలు కొననీకి స్పెయిన్ నుంచి వచ్చిన మనిషి.
బేరం ఇంకా తెగలే.
నేను సొసైటీ గుమస్తాను.
లెక్కలు నావి, ఇంగ్లీషు నాది,
రెండూ తప్పులతోనే నడుస్తయి.

జొన్నరొట్టె, నాటుకోడి, పచ్చిపులుసు.
కౌసల్యక్క స్టీలు గిలాసలు తెచ్చింది.
మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టిండు:
"స్టీలుల రంగేం కనవడ్తది?"
మూలమీది చాయి దుకాణం నుంచి
నాలుగు గాజు గిలాసలొచ్చినయి.
అంచు పగిలింది నా ముందుకొచ్చింది.

మొదటిది పదేండ్ల వైను.
ఇనేస్ ముక్కు దించి వాసన చూసింది.
మేస్త్రి దించలే.
చలువ చేసిన నూలు చిలప తెప్పిచ్చి
గిలాస వెనుక పట్టి, బల్బు దిక్కు వంచిండు.
"నేరేడు తొక్క. ఇంక పచ్చిగున్నది, కారుతది."
నలభై ఏండ్లు కాగుల ముందు నిలబడ్డ మనిషి,
అరచేతి గీతల్ల ఇప్పటికీ ఆకుపచ్చ.

రెండోది తొంభై నాలుగుది.
బిరడా పొడిపొడి రాలితే
అక్క చాయి జాలితోని వడగట్టింది.
పోసినంక ఎవరం మాట్లాడలే.
ఎరుపు నడుమ మాత్రమే ఉన్నది,
అంచుకు వస్తుంటే ఇటుక,
ఇటుక దాటితే తడిసిన తాటిబెల్లం,
చిట్టచివర ఉత్త నీళ్లు.
అక్క ఒక్క గుక్క తాగి
"ఏడాది దాటిన చింతతొక్కు జాడి
మూత తీసినట్టున్నది" అన్నది.
మేస్త్రి ఒక్కటే మాటన్నడు:
"వెలిసింది."

ఏమన్నడని ఆమె నన్నడిగింది.
తడుముకున్న.
వాన ఆగితే వెలిసిందంటం.
ఐనవోలుల మల్లన్న వెలిసిండంటం.
బట్ట నీళ్లల్ల పడి రంగిడిస్తే
దానికీ అదే మాట.
ఇంగ్లీషుల దేవుడొక దిక్కు, వానొక దిక్కు పోయినయి.
చేతిల మిగిలింది చెప్పిన: ఫేడెడ్.
ఆమె తల ఊపింది. అవునవును,
అందుకే గదా ఇంత ధర.

ఇంత ధర.
మేస్త్రి తన కంచం మెల్లగ పక్కకు జరిపిండు.
కింద పరిచిన జంపఖానాను చూసిండు.
తొంభై ఆరుల బొంబాయి నుంచి తిరిగొచ్చిన బేళ్లల్ల
మిగిలిన ఒక్కటి అది.
'రంగు నిలువలేదు, సరుకు వాపస్':
ఆ ఉత్తరం నా బీరువల ఇంకా ఉన్నది.
ఆ ఏడు ఆయన కూలిల కోత పడ్డది,
అక్క కడియాలు కుదువకు పోయినయి.
ఆ ముక్క నేను ఇంగ్లీషుల చెప్పలే.
చెప్పమని ఆయనా అనలే.

మూడోదానికి ఏడే లేదు. షెర్రీ.
పీపాల మీద పీపాలంట,
అడుగుదాంట్ల కొంచెం తీసి పైదాంతోని నింపుతరంట,
ఎన్నడూ ఖాళీ చెయ్యరంట.
"పెరుగుకు తోడేసినట్టు" అన్నది అక్క.
"నీలి తొట్టి" అన్నడు మేస్త్రి.
వాళ్ల తాత పొద్దుగాల లేచి
తొట్టిల వేలు ముంచి నాల్కెకు రాసుకునేటోడట.
ఆకలిగున్నదంటే బెల్లం,
అలిగిందంటే సున్నం.
ప్యాకెట్ల రంగొచ్చిన ఏడు
దాన్ని మోరీల గుమ్మరిచ్చిన్రు.
ఈయనకు అప్పుడు ఏడేండ్లు.
మూడు దినాలు వాడకట్టు మోరీ నీలంగ పారిందట.
ఇది చెప్పిన. బాగనే చెప్పిన అనుకుంట.
ఇనేస్ ఆయన గిలాస నింపి
తనది నింపుకునుడు మర్చిపోయింది.

పొద్దున కాయిదాలు పట్టుకపోతే
మేస్త్రి నల్ల కాడ కూచున్నడు.
రాత్రి రెండో గిలాసల ముంచి
పిట్టగోడ మీద ఆరేసిన జానెడు నూలు పోగు,
దాన్ని సబ్బు పెట్టి రుద్దుతున్నడు.
ఒకసారి. రెండుసార్లు.
మూడోసారి నీళ్లు తేటగ కారినయి.
"నిలువలే" అన్నడు,
నవ్వుకుంటనే అన్నడు.
పోగును ముక్కు కాడ పెట్టుకొని, కొద్దిసేపు ఆగి,
నాకూ ఇచ్చిండు, చూడుమని.